రెండంచుల ములికి

అక్టోబర్ 12, ఆదివారం

పాలు, పెరుగు, గుడ్లు, కారుకి గ్యాస్, దీనమ్మకి చేతులకి రాసుకునే క్రీమ్. ఈ రోజు లెక్క ఇంతే.

మిగిలింది లెక్కలో పట్టదు. కింద రాస్తున్నాను.

చర్చిలో ఆరాధన అయ్యాక టీ దగ్గర పాస్టర్ అయ్యగారు మళ్ళీ అడిగారు. "బ్రదర్ సుందర్ రాజ్ గారూ, ఈ క్రిస్మస్‌కైనా మీ సాక్ష్యం వింటామా?" ఈ సంఘంలో చేరినప్పటి నుంచీ ఆయనది అదే ప్రశ్న, నాది అదే నవ్వు. మిగతా అందరూ ఎప్పుడో ఒకప్పుడు చెప్పారు. వీసా వచ్చినవాళ్ళు చెప్పారు. వీసా పోయి మళ్ళీ వచ్చినవాళ్ళు రెండుసార్లు చెప్పారు. మంచు మీద కారు జారి బతికినవాళ్ళు, లేఆఫ్ తప్పినవాళ్ళు, అందరూ మైకు ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పి, కాస్త ఏడ్చి కూర్చున్నారు. నాకు మేలు జరగలేదని కాదు. నిలబడితే నాలుక అంగిలికి అతుక్కుంటుంది.

పక్కనే జోనాథన్ ఉన్నాడు. దీనమ్మ తమ్ముడు. ఇల్లు హెర్న్‌డన్‌లో, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, నోరు మాత్రం అన్ని చోట్లా.

"అయ్యగారూ, మా బావ సాక్ష్యం చెప్పిన రోజే ప్రభువు రాకడ. ముందే చెప్తే మేం ఇళ్ళకి తాళాలేసుకుని వస్తాం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగితే ఈ పేజీ ఉండేది కాదు.

"బావా, నవంబర్‌లో సౌత్ కరోలినా వెళ్దాం. మా టీమ్‌లో ఒకతని మామగారికి వేరుశనగ చేలున్నాయి. అడవిపందులు తవ్వి పోస్తున్నాయట. వచ్చి కొట్టుకుపోండి మహాప్రభో అంటున్నాడు. మనిద్దరికీ విల్లులున్నాయిగా. ఎవడి బాణానికి పంది పడితే వాడు గెలిచినట్టు. మాంసం క్రిస్మస్ ప్రేమ విందుకి. ఓడినవాడు ఆ రోజు సాక్ష్యం చెప్పాలి."

"పందెం అనకండి బ్రదర్," అన్నారు అయ్యగారు. "ఒప్పందం అనండి."

నేను తలూపాను. ఎవరేం మాట్లాడినా తలూపడం నాకు అలవాటు. ఊపాక అర్థమైంది. అప్పటికే నలుగురు చప్పట్లు కొట్టారు.

జోనాథన్‌కి ఇందులో పోయేదేమీ లేదు. ఓడినా వాడికి పండగే. వాడి చేతికి మైకు ఇవ్వడానికి ఒక మనిషి చాలు, తిరిగి తీసుకోవడానికి ఇద్దరు కావాలి.

అందుచేత నేను గెలవాలి. వేరే దారి లేదు.

అక్టోబర్ 13

డేటా సెంటర్‌లో ఈ రోజు జనరేటర్ల టెస్టు. అన్నీ స్టార్ట్ అయ్యాయి.

విల్లు కొని రెండేళ్ళయింది. జనరేటర్ల దగ్గర నాతో పనిచేసినతను రిటైరవుతూ అమ్మాడు. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. దీనమ్మకి నర్సు ఉద్యోగం వచ్చి ఆమె వెనకాల ఈ దేశం వచ్చిన కొత్తలో జనరేటర్లూ అలాగే నేర్చుకున్నాను, చూసి చూసి. బాణం వేయడంలో నాకు నచ్చిందొకటే. తాడు లాగి పట్టుకున్న మనిషిని ఎవరూ పలకరించరు.

నా విల్లు అరవై పౌండ్లది. అంటే తాడు పూర్తిగా లాగాలంటే అరవై పౌండ్ల బరువు ఎత్తినంత బలం పెట్టాలి. జూలైలో కుడిభుజం పట్టేసింది. అలెన్ కీతో విల్లు కొంచెం వదులు చేశాను. తర్వాత ఇంకొంచెం. ఇప్పుడు నలభై రెండు.

ఇది తాత్కాలికం. తాత్కాలికమైన సంగతి ఊరందరికీ చెప్పనక్కర్లేదు. ఎవరడిగినా అరవై అనే చెప్తున్నాను.

అక్టోబర్ 18, శనివారం

ఉల్లిపాయలు, కొత్తిమీర, షేవింగ్ బ్లేడ్లు.

ములుకులు కొనడానికి వెళ్ళాను. బాణం చివర బిగించే ఇనుప మొన. షాపులో బ్రాడ్‌హెడ్ అంటారు, నేను ములికి అని రాసుకుంటున్నాను. చిన్న మాట, పలకడం తేలిక.

షాపు వించెస్టర్ వెళ్ళే దారిలో ఉంది. ఒక ముసలాయన నడుపుతాడు. మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి మూడంచులది, బలంగా కనిపిస్తుంది. రెండోది రెక్కలది. ఎగిరేటప్పుడు రెక్కలు ముడుచుకుని ఉంటుంది, ఒంటికి తగలగానే విప్పుకుంటుంది. చూస్తేనే భయం వేస్తుంది. మూడోది రెండంచులది. రావి ఆకు ఎండి చిక్కిపోయినట్టు ఉంటుంది. కదిలేదీ లేదు, మెరిసేదీ లేదు.

"దేనికి?" అన్నాడు.

"హాగ్."

"నువ్వు ఎన్ని పౌండ్లు లాగుతావు?"

"సిక్స్టీ."

ఆయన నా మొహం చూడలేదు, భుజం చూశాడు. డాక్టర్లకీ షాపువాళ్ళకీ ఇదొక రోగం.

"అరవై అయితే రెక్కలది తీసుకో. గాటు పెద్దది, పంది ఎటు వెళ్ళిందో రక్తం జాడ తెలుస్తుంది. తక్కువ లాగేవాళ్ళకి మాత్రం ఇవ్వను. రెక్కలు విప్పుకోవడానికే బలం ఖర్చయిపోతుంది. ముదురు మగపందికి భుజం మీద, తోలు కింద, గట్టి పొర ఉంటుంది. డాలు అంటాం. అక్కడ ఆగిపోతే పంది చావదు, బాధపడుతుంది. బాధపడే పంది నీ మీదికి వస్తుంది."

"తక్కువ అంటే ఎంత?"

"మా ఆవిడ నలభై అయిదు లాగుతుంది. ఆవిడకి ఎప్పుడూ ఈ రెండంచులదే."

"మీ ఆవిడ సంగతి కాదు," అన్నాను.

రెక్కలవి మూడున్న ప్యాకెట్ కొన్నాను.

అక్టోబర్ 19

భుజం బాగానే ఉంది. బామ్ రాసుకున్నాను. వాసన బాగుంటుందని.

అక్టోబర్ 25, శనివారం

ప్రాక్టీస్ చేసే రేంజిలో ములుకులు వేయనివ్వరు. దిమ్మలు చిరిగిపోతాయట. అందుకని గరాజ్‌లో ఏర్పాటు చేశాను.

ఇండియన్ స్టోర్‌లో పనసకాయలు వచ్చాయి. రెండు తీసుకున్నాను. బిల్లు కొట్టే కుర్రాడు "ఏంటంకుల్, ఫంక్షనా?" అన్నాడు.

"ఆఁ."

"ఏం ఫంక్షన్ అంకుల్?"

నాకు అబద్ధం మొదలుపెట్టడం వచ్చు, పొడిగించడం రాదు. "చిన్నది," అన్నాను.

కారు బయట పెట్టి, గరాజ్ చివర ఫోమ్ దిమ్మ, దాని ముందు పనసకాయ. పంది తోలుకీ డాలుకీ ఏం కట్టాలా అని ఆలోచించాను. దీనమ్మ కారులో కాళ్ళ కింద వేసే రబ్బరు మ్యాట్ మడతపెట్టి కట్టాను. పనసకాయ పంది కాదు, నాకు తెలుసు. కానీ ఇండియన్ స్టోర్‌లో డాలు అమ్మరు.

రెక్కలది వేశాను. చప్పుడు గొప్పగా వచ్చింది. దగ్గరికెళ్ళి చూస్తే బాణం మ్యాట్ దాటి పనసకాయలోకి నాలుగు వేళ్ళు దిగి ఆగిపోయింది. బయటికి లాగితే ఒక రెక్క లేదు. విరిగిపోయింది. నేల మీద వెతికాను, చీపురుతో ఊడ్చాను, ఫ్రిజ్‌కి అంటించిన అయస్కాంతం తెచ్చి తిప్పాను. దొరకలేదు.

పనసకాయ మరీ ముదురు. తప్పు కాయది.

మ్యాట్‌కి చిల్లు పడింది. తిప్పి వేశాను. చిల్లు సీటు కిందికి వెళ్ళింది.

అక్టోబర్ 26, ఆదివారం

చర్చి నుంచి వచ్చి బట్టలు మార్చుకుని కిందికి దిగేసరికి వంటింటి బల్ల మీద పనసకాయ ఉంది. నిన్నటిది. దీనమ్మ చేతులకి నూనె రాసుకుంటోంది, పక్కన పెద్ద కత్తి.

"గరాజ్‌లో ఎందుకు దాచారండీ ఇవి? మసాలా కూర చేస్తాను."

"నేను కోస్తాను."

ఆమె కత్తి కింద పెట్టి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. పెళ్ళయ్యాక నేను వంటింట్లో కోసినవి నిమ్మకాయలు మాత్రమే.

"దీనికి ఇక్కడ చిల్లుందేంటి?"

"స్టోర్‌లో పండిందో లేదో చూస్తారనుకుంటా."

కోశాను. ప్రతి ముక్కా వెలుతురుకి ఎత్తి చూశాను. చేతులు జిగురు, చొక్కా జిగురు, కళ్ళజోడు జిగురు. రెక్క లేదు. సగం కోసేసరికి భుజం కత్తి ఎత్తనివ్వలేదు. మిగతా సగం ఆమే కోసింది. నేను పక్కనే నిలబడి ప్రార్థన చేశాను. నిజంగానే చేశాను.

భోజనానికి కూర్చుంటే నా కంచంలో, ఆవకాయ పక్కన, కడిగి తుడిచి పెట్టిన రెక్క.

"ఇది పనసకాయలో కాసిందా?"

నేను అన్నం కలిపాను.

"నా కారు మ్యాట్‌కి కూడా ఏదో కాసినట్టుంది."

ఆవకాయ కూడా కలిపాను.

"ఎన్ని పౌండ్లు లాగుతున్నారు?"

"అరవై."

"కుడిచెయ్యి ఎత్తండి."

ఎత్తాను.

"పైకి ఎత్తండి."

"ఇదే పై."

దీనమ్మ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళు తాగింది, అంతే. తర్వాత ఆ రెక్కని వేళ్ళతో తిప్పి చూస్తూ అంది: "ఇంత వెడల్పుది ఎందుకు తెచ్చారు? లావు సూది గుచ్చాలంటే నాకే చేతిలో బలం కావాలి. సన్న సూది అయితే పిల్లాడు కూడా చూసేలోపు దిగిపోతుంది. బలం తగ్గినప్పుడు మొన సన్నం చెయ్యాలి కానీ రెక్కలు కట్టుకోకూడదండీ."

"షాపాయన ఇదే ఇచ్చాడు."

"ఆయనకి ఎంత అని చెప్పారు?"

కూర బాగుంది. ఆ మాట చెప్పాను.

అక్టోబర్ 27

నలభై రెండు.

ఇక్కడ మళ్ళీ రాస్తే పోయేదేముంది, ఇది నేను తప్ప ఎవరూ చూడరు.

నవంబర్ 1, శనివారం

మళ్ళీ షాపుకి వెళ్ళాను. రెండంచులవి కావాలన్నాను.

"మీ ఆవిడకా?" అన్నాడు ముసలాయన.

"అవును," అన్నాను. ఒక రకంగా ఆమె చెప్పిందే కదా.

"ఎంత లాగుతుంది?"

"నలభై రెండు."

"మంచి అంకె. కొంచెం బరువైన ములికి తీసుకో, బాణం నెమ్మదిగా వెళ్ళినా లోపలికి తోసుకుపోతుంది. దగ్గరికి వచ్చేదాకా ఆగమను. భుజం వెనక, కింద, డాలు పల్చబడే చోట కొట్టమను. పక్కకి తిరిగి నిలబడకపోతే అసలు వేయొద్దను. ఆవిడ వింటుందా?"

"వింటుంది," అన్నాను.

ఇంటికొచ్చి రెండో పనసకాయకి అదే మ్యాట్ కట్టి వేశాను. బాణం ఈకల దాకా దిగింది. చప్పుడు లేదు. పనసకాయ కదల్లేదు కూడా. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

దీనమ్మ తలుపు దగ్గర నుంచి చూసి "ఇంకా నయం, నా సీటు కట్టలేదు," అని వెళ్ళిపోయింది.

నవంబర్ 2, ఆదివారం

రెక్కల ములుకులు రెండు మిగిలాయి. చర్చి పార్కింగ్‌లో జోనాథన్‌కి ఇచ్చేశాను. వాడు జిమ్‌కి వెళ్తాడు, డెబ్బై లాగుతాడు. వాడికి ఇవే సరైనవి. షాపాయన లెక్క ప్రకారం కూడా అంతే.

"నాకెందుకిస్తున్నావు బావా? నేను నీ శత్రువుని."

"ఉంచుకో."

"ఇందులో ఏదో కుట్ర ఉంది. అక్కా! మీ ఆయన నాకు గిఫ్ట్ ఇస్తున్నాడు, పోలీసుల్ని పిలువు!"

ముందు నాలుగైదుసార్లు వేసి చూసుకోమని చెప్పాను. చెప్పాననే జ్ఞాపకం. వాడు మాట్లాడుతున్నాడు కాబట్టి విన్నాడో లేదో తెలియదు.

వేరే ఉద్దేశం లేదు.

నవంబర్ 9

ములికి పదును పెట్టడం పూర్తయింది. పదును తెలియాలంటే ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూడాలి. గీశాను.

బ్లాక్స్‌బర్గ్‌లో కాలేజీ నుంచి మా అమ్మాయి ఫెబీ వీడియో కాల్ చేసింది. సెమిస్టర్ చివర, పరీక్షలట.

"డాడీ, మీ చెయ్యి ఏంటి? ఒక ప్లేస్‌లోనే బాల్డ్ ఉంది."

"ఎండకి."

"నవంబర్‌లో?"

దీనమ్మ ఫోన్ లాక్కుని ఇంకో గదిలోకి వెళ్ళింది. లోపల నుంచి ఇద్దరి నవ్వూ చాలాసేపు వినిపించింది.

నవంబర్ 16, ఆదివారం

అయ్యగారు ప్రకటనల్లో చెప్పేశారు. "మన సహోదరులిద్దరూ వచ్చే వారం ప్రేమ విందు పనిమీద వెళ్తున్నారు, ప్రార్థించండి." పంది తినని కుటుంబాలకి కోడి వేరుగా వండాలని కూడా తీర్మానమైంది. పంది ఇంకా సౌత్ కరోలినాలో వేరుశనగలు తింటోంది, ఇక్కడ మసాలా ఎవరు నూరాలో పేర్లు రాసుకుంటున్నారు.

నవంబర్ 20, గురువారం

సంచి సర్దుకున్నాను. లైసెన్స్ కాగితం, చేతి తొడుగులు, ఐస్ పెట్టెలు రెండు.

దీనమ్మ రొట్టెలు చుట్టి పెడుతూ అడిగింది. "ఎందుకండీ ఇంత తాపత్రయం? పోనీ ఓడిపోయి నాలుగు మాటలు చెప్పేస్తే పోలేదా?"

"గెలిస్తే చెప్పక్కర్లేదు కదా."

ఆమె చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. నావైపు అదోలా చూసింది. జాలిగా అని రాయాలి, కానీ ఆ పెదవుల్లో జాలి లేదు.

"ఏవండీ. మీరు గెలిచారనుకోండి. సంఘమంతా మీ పంది తింటుంది. దేవుడు మీకు మేలు చేశాడు, అవునా? మేలు పొందినవాడు ఏం చెయ్యాలి మన చర్చిలో?"

నేను కుర్చీలో కూర్చున్నాను.

"ఓడితే ఒప్పందం ప్రకారం సాక్ష్యం. గెలిస్తే కృతజ్ఞత సాక్ష్యం. అయ్యగారు వదులుతారా? జోనాథన్ వదులుతాడా?"

"నీకిది ఎప్పుడు తెలిసింది?"

"మీరు తలూపినప్పుడే."

"చెప్పలేదేం?"

"పనసకాయ కూర తిని చాలా రోజులైంది కదా అని."

నవంబర్ 21

వర్జీనియా, నార్త్ కరోలినా, సౌత్ కరోలినా. మూడు రాష్ట్రాలూ జోనాథనే మాట్లాడాడు. గ్రీన్‌కార్డు, మేనేజర్, కొత్త టెస్లా, పాత టెస్లా.

నవంబర్ 22, శనివారం

సాయంత్రం చేను అంచున గుడారం గుడ్డతో చాటు కట్టి ఇద్దరం కూర్చున్నాం. వేరుశనగ పీకేశారు. మట్టిలో మిగిలిన కాయల కోసం పందులు వస్తాయని ఆ చేల పెద్దాయన చూపించాడు. తవ్విన గుంటలు చూస్తే ట్రాక్టర్ తిప్పినట్టున్నాయి. పాపం, వచ్చే పంటకి భూమంతా మళ్ళీ చదును చేసుకోవాలట. ఆ గుంటలు చూశాక ఆయన కోసమైనా ఒకటి పడితే బాగుండుననిపించింది.

జోనాథన్ గుసగుసలాడాడు. వాడి గుసగుస ఇతరుల కేకతో సమానం.

"బావా, చిప్స్ తింటావా?"

తల అడ్డంగా ఊపాను.

"బావా, పంది వస్తే ముందు ఎవరు వెయ్యాలి?"

వాణ్ణి చూపించాను.

"థాంక్స్ బావా. నువ్వు దేవుడివి."

వెలుతురు పచ్చబడుతుండగా వచ్చింది. ఒంటరి మగపంది, నల్లగా, భుజాల దగ్గర ఎత్తుగా. జోనాథన్ లేచాడు. బాగానే లాగాడు, డెబ్బై పౌండ్లూ కనిపించాయి. అంతవరకు మెచ్చుకోవాలి. కానీ వాడికి నోరు మూసుకుని ఏ పనీ రాదు. "చూడు బావా" అంటూనే వదిలాడు. పంది తలెత్తింది, కదిలింది, బాణం దాని వెనక మట్టిలో దిగింది. రెక్కలు విప్పుకునే ఉంటాయి. మట్టికి పెద్ద గాటే పడి ఉంటుంది.

పంది పారిపోలేదు. చేను అంచు పట్టుకుని చుట్టూ తిరిగి మా వైపే వచ్చింది. దగ్గరగా. ఇంకా దగ్గరగా. జోనాథన్ ఊపిరి కూడా పీల్చడం లేదు. వాడు ఇంతసేపు ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

తాడు లాగాను. నలభై రెండు.

పంది ఎదురుగా ఉంది, పక్కకి తిరగలేదు. వేయలేదు. భుజం మండుతోంది. వేయలేదు. పడితే సాక్ష్యం, పడకపోతే సాక్ష్యం అని ముందురోజంతా కారులో అనుకున్నాను. అప్పుడు మాత్రం ఆ రెండూ లేవు. నాకు రావలసిందీ పోవలసిందీ ఏమీ మిగల్లేదు, పంది ఒక్కటే మిగిలింది. దాన్ని బాధపెట్టకూడదు, అంతే.

తిరిగింది. ముందుకాలు ముందుకి వేసింది. భుజం వెనక, కింద.

చప్పుడు రాలేదు. బాణం అటువైపు నుంచి బయటికి వెళ్ళి గడ్డిలో పడింది. పంది నడిచినట్టే కొంచెం దూరం పరుగెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకి ఒరిగింది. అంతసేపే.

జోనాథన్ నా భుజం మీద కొట్టాడు. కుడిభుజం మీద. నేను కేక పెట్టాను. వాడు అది సంతోషం అనుకున్నాడు.

పంది దగ్గర ఇద్దరం టోపీలు తీసి నిలబడ్డాం. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 23

ఇంటికి చేరాం. రెండు ఐస్ పెట్టెలూ నిండాయి. ములికి కడిగి చూశాను. ఒక్క నొక్కు కూడా లేదు.

డిసెంబర్ 7, ఆదివారం

దీనమ్మ చెప్పినట్టే అయింది. అయ్యగారు ప్రకటనల్లో: "ఇరవై ఒకటిన క్రిస్మస్ ఆరాధనలో బ్రదర్ జోనాథన్ గారు ఒప్పందం ప్రకారం సాక్ష్యమిస్తారు. ఆ తర్వాత, ఈ విందుకి కారణమైన బ్రదర్ సుందర్ రాజ్ గారు దేవుడు చేసిన మేలును మనతో పంచుకుంటారు." సంఘమంతా తిరిగి చూసింది. జోనాథన్ ఈల వేశాడు. చర్చిలో.

డిసెంబర్ 17

"ప్రియమైన సహోదరీ సహోదరులారా."

దీని తర్వాత ఏమిటి?

డిసెంబర్ 18

"ప్రియమైన సహోదరీ సహోదరులారా, అందరికీ వందనాలు."

కొంత ముందుకి జరిగింది.

డిసెంబర్ 19

భుజం బాగా నొప్పి. ఆదివారానికి జ్వరం వచ్చేలా ఉంది.

దీనమ్మ థర్మామీటర్ పెట్టి చూసింది. రాదట.

డిసెంబర్ 21, ఆదివారం

నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమేన్ అన్నారు. భోజనం కొంచెం చల్లారినట్టుంది.

డిసెంబర్ 22

పొద్దున్నే జోనాథన్ ఫోన్.

"బావా! నాలుగు మాటలా? నా ప్లేటులో పలావు గడ్డకట్టింది. గొర్రెల కాపరుల వేషం వేసిన పిల్లలు స్టేజి గడ్డి మీదే నిద్రపోయారు. తూర్పు జ్ఞానుల్లో ఒకడు ఇంటికెళ్ళిపోయాడు!"

వాడికి ప్రతిదీ పెద్దది చేసి చెప్పడం అలవాటు.

మొదట నాలుక అంగిలికి అతుక్కున్న మాట నిజం. వందనాలు అన్నాక ఏమీ రాలేదు. జేబులో చెయ్యి పెడితే ములికి తగిలింది. సంఘానికి చూపిద్దామని అట్టలో చుట్టి తెచ్చాను. తీసి చూపించాను. వెనక వరసలో ఎవరో "అదేంటి బ్రదర్?" అన్నారు. అడిగారు కాబట్టి చెప్పాను. ఇది రెండంచులది, ఇంకోటి రెక్కలది, రెండిటికీ తేడా ఇదీ అని. తేడా చెప్పాలంటే డాలు సంగతి చెప్పాలి. డాలు ఎక్కడుందో మాటల్లో తెలియదు. అందుకని సండే స్కూల్ గదిలోంచి వైట్‌బోర్డు తెప్పించి పంది బొమ్మ వేశాను. బొమ్మ బాగా కుదరలేదు, మళ్ళీ వేశాను. అయ్యగారు మధ్యలో రెండుసార్లు గట్టిగా ఆమేన్ అన్నారు. ప్రోత్సహిస్తున్నారనుకుని ములికి బరువుల గురించి కూడా చెప్పాను.

నలభై రెండు అని మైకులోనే చెప్పాను. చెప్పకపోతే రెండంచులది ఎందుకు తీసుకున్నానో ఎవరికీ అర్థం కాదు. అనుకున్నంత కష్టం కాలేదు. ముందు వరసలో జోనాథన్ నోరు తెరిచాడు, ఏమీ అనకుండానే మూశాడు. నిన్నటి మేలుల్లో అదొకటి.

ఫెబీ వీడియో తీసింది. పూర్తి కాలేదట. ఫోన్‌లో చోటు అయిపోయిందట. "డాడీ, యూ వర్ సో గుడ్, కానీ ఎందుకు ఆపలేదు?" అంది.

డిసెంబర్ 23

మిగిలిన మాంసం ఫ్రీజర్‌లో సర్దాను. దీనమ్మ కారుకి కొత్త మ్యాట్లు.

అవి కొని ఇంటికొచ్చాక దీనమ్మ అడిగింది. "అంతమందిలో నా పేరెందుకు చెప్పారు?"

"ఎప్పుడు?"

"నా భార్య సూది సంగతి చెప్పకపోతే ఈ బాణం దిగేది కాదు, అన్నారు. ఈ దేశంలో నేను దిగింది కూడా ఆమె వెనకాలే, అన్నారు. ఆ తర్వాత కొంచెం సేపు బోర్డు వైపు తిరిగి నిలబడ్డారు."

"పంది తోక సరిచేస్తున్నాను."

"మీ పందికి తోక లేదండీ. నేను చూశాను."

"ములికి ఎవరు మార్పించారో చెప్పకపోతే అబద్ధ సాక్ష్యం అవుతుంది," అన్నాను.

ఆమె కొత్త మ్యాట్లు చంకలో పెట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళింది. వేయడానికి అంతసేపు పట్టే పని కాదు అది.

డిసెంబర్ 24

అయ్యగారు ఫోన్ చేశారు. పెద్దలంతా మాట్లాడుకున్నారట. "బ్రదర్, మీకు స్టేజి అంటే ఇబ్బంది అని మాకిప్పుడు అర్థమైంది. ఇకమీదట ఎవరూ మిమ్మల్ని సాక్ష్యం అడగరు. హామీ నాది." గొంతులో ఎంతో ప్రేమ ఉంది. కొంచెం అలసట కూడా ఉంది.

అక్టోబర్ నుంచి నేను కోరుకున్నది ఇదే. ఇక ఏ క్రిస్మస్‌కీ భయం లేదు. చాలా సంతోషం.

డిసెంబర్ 26

పాలు, రొట్టె, నొప్పి బామ్.

బాణం ఈకల గురించి నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదని ఈ రోజు గుర్తొచ్చింది. ములికి ఎంత మంచిదైనా ఈక సరిగ్గా లేకపోతే బాణం తిన్నగా వెళ్ళదు. అది వినకపోతే ఆ ఆదివారం విన్నదంతా వాళ్ళకి సగమే.

అయ్యగారికి ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను. మాటల్లో మాటగా ఈస్టర్‌కి సాక్ష్యాలు ఎవరెవరు చెప్తున్నారని కూడా అడిగాను. లైన్ సరిగ్గా లేదంటూ ఆయన ఫోన్ పెట్టేశారు.

ఊరికే అడిగాను. వేరే ఉద్దేశం లేదు.